కొండల కంటే ముందు పుట్టిన నది: సౌత్ నహానీ మీద నా పడవ ప్రయాణం

కెనడాలోని ఎడ్మంటన్‌లో పైప్‌లైన్ల ఉద్యోగం నాది. మ్యాపులో నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు ఎక్కడ దగ్గరపడ్డాయి, ఎక్కడ ఎడమయ్యాయి, గొట్టాన్ని ఎటు తిప్పితే ఖర్చు తగ్గుతుంది అని రోజూ చూసే కళ్లు. అందుకే సౌత్ నహానీ నది మ్యాపుల్ని డైనింగ్ టేబుల్ మీద పరిచినప్పుడు ముందు చిరాకేసింది. కొండ అడ్డమొస్తే పక్కనుంచి పోవడం నీటి గుణం. ఈ నది మాత్రం వరసగా ఉన్న కొండల్ని ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా కోసుకుంటూ పోయింది. పోనీ కోసింది కదా, గండిలోనైనా తిన్నగా పోయిందా అంటే అదీ లేదు. చదును నేల మీద పారే నదిలాగే అక్కడా మెలికలు తిరిగింది.

"గోదావరి మాత్రం పాపికొండల మధ్య నుంచి రావట్లేదా బావా? దానికి నువ్వేమన్నా పర్మిషన్ ఇచ్చావా?" అన్నాడు మా బావమరిది. వాడిది రాజమండ్రి. నది అన్న మాట ఎక్కడ వినపడినా గోదావరి దగ్గరికి తీసుకుపోతాడు. ఈ ప్రయాణానికి నాతో వచ్చింది వాడే.

సౌత్ నహానీ కెనడా వాయవ్య ప్రాంతాల్లో, యూకాన్ సరిహద్దుకు దగ్గరగా మెకెంజీ పర్వతాల్లో పుడుతుంది. ఆగ్నేయంగా ఐదొందల కిలోమీటర్లకు పైగా పారి, నహానీ బ్యూట్ అనే చిన్న ఊరి దగ్గర లియార్డ్ నదిలో కలుస్తుంది. లియార్డ్ పోయి ఫోర్ట్ సింప్సన్ దగ్గర మెకెంజీలో, మెకెంజీ పోయి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తాయి. ఈ ఐదొందల కిలోమీటర్లలో నది మీద ఒక్క వంతెన లేదు, ఒక్క ఆనకట్ట లేదు. ఒడ్డున ఊరంటూ ఉంటే అది చివర్లో నహానీ బ్యూట్ ఒక్కటే. మిగతాదంతా తైగా, అంటే ఉత్తరాది చలి అడవి. స్ప్రూస్, ఆస్పెన్, బాల్సమ్ పాప్లర్ చెట్లు, నాచు, బురద, ఆపైన బోడి కొండలు. యునెస్కో 1978లో మొట్టమొదటిసారి ప్రపంచ వారసత్వ స్థలాల జాబితా వేసినప్పుడు అందులో ఉన్న పన్నెండింటిలో నహానీ ఒకటి. అప్పటి పార్కు చిన్నది, నదికి రెండు పక్కలా పట్టీలాగా ఉండేది. 2009లో దాన్ని ఆరు రెట్లు పెంచి దాదాపు 30,000 చదరపు కిలోమీటర్లు చేశారు. అక్కడ తరతరాలుగా బతుకుతున్న దెచో డెనే ప్రజలు పార్కు నిర్వహణలో భాగస్వాములు.

ఇక వెళ్లే పద్ధతి. సొంత పడవలతో సొంతంగా వెళ్లొచ్చు, లేదా పార్కు లైసెన్సు ఉన్న గైడ్ల బృందంతో వెళ్లొచ్చు. ఎలా వెళ్లినా ముందుగా బుకింగ్ చేసుకోవాలి, ఎందుకంటే జలపాతం దగ్గర క్యాంపు చేసేవాళ్ల సంఖ్యకు పరిమితి ఉంది. మేం గైడ్లతోనే వెళ్లాం. అయినా పడవ మాత్రం మనమే నడపాలి. ముందు వేసవంతా శనివారాలు ఎడ్మంటన్‌లోనే నార్త్ సస్కాచెవాన్ నదిలో కనూ నేర్చుకున్నాం. కనూ అంటే ఇద్దరు కూర్చునే సన్నటి పడవ. ముందున్నవాడు బలం, వెనకున్నవాడు చుక్కాని. వడిగా పారే ప్రవాహంలో నుంచి పక్కనున్న నిశ్చలమైన నీళ్లలోకి తిప్పడం, మళ్లీ అందులోంచి వడిలోకి రావడం, ఆ రెండూ చేతికి వచ్చేదాకా మా గురువు వదల్లేదు. వడిలోకి అడుగుపెట్టే క్షణంలో పడవ దిగువకు ఒరగాలి. భయంతో ఎగువకు ఒరిగితే నీళ్లు అంచు మీదుగా ఎక్కి పడవను తిరగేస్తాయి. భయపడ్డ ఒంటికి ఎగువకే వంగాలనిపిస్తుంది. ఆ అలవాటు మానడానికే ఎక్కువ శనివారాలు పోయాయి.

ఎడ్మంటన్ నుంచి ఫోర్ట్ సింప్సన్ కారులో దాదాపు 1,500 కిలోమీటర్లు. హై లెవెల్ అనే ఊరు దాటాక అరవయ్యో అక్షాంశం బోర్డు వస్తుంది. చివర్లో గ్రావెల్ రోడ్డు, ఆ తర్వాత లియార్డ్ మీద ఫెర్రీ. ఫోర్ట్ సింప్సన్ మెకెంజీ నదిలో ఒక లంక మీద ఉన్న ఊరు. 2021 మేలో మంచుగడ్డలు నదికి అడ్డంపడి నీళ్లు ఎగదన్నితే ఊరు ఖాళీ చేయించారు. చలిదేశాల్లో ఉత్తరానికి పారే నదులకు ఉన్న జబ్బే ఇది. ఎగువన దక్షిణంలో మంచు ముందు కరుగుతుంది, దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీటికి పోయే దారుండదు.

పార్కు ఆఫీసులో పేర్లు రాయించుకుని, ఎలుగుబంట్ల గురించి, అత్యవసరాల గురించి చెప్పింది విన్నాం. తర్వాత గైడు మా సంచులన్నీ విప్పించింది. వాసనొచ్చే వస్తువేదైనా రాత్రిపూట గుడారంలో ఉండకూడదు, మూత బిగించే పీపాల్లోకి పోవాలి. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్ సరే. మా బావమరిది జేబులోంచి జండూబామ్ తీసింది. మూత తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని వెనక్కి తగ్గింది. "ఇది కూడా లోపలికే," అంది. కందిపొడి డబ్బా అంతకుముందే పోయింది. తలనొప్పొస్తే అర్ధరాత్రి లేచి ఎలుగుబంటి పీపా దాకా నడవాలా అని వాడి బాధ.

ఫోర్ట్ సింప్సన్ నుంచి నీళ్ల మీద దిగే విమానంలో బయల్దేరాం. మొదటి సగం నేలంతా బల్లపరుపుగా ఉంది. చెరువులు, నల్ల స్ప్రూస్, మళ్లీ చెరువులు. వాటి మధ్య స్కేలు పెట్టి గీసినట్టు తిన్నటి చారలు కనిపించాయి. చమురు వెతకడానికి దశాబ్దాల క్రితం అడవి నరికి వేసిన సైస్మిక్ లైన్లవి. మా పరిశ్రమ పనే కాబట్టి నాకు చూడగానే తెలిసింది. అంతకాలమైనా చెట్లు పూర్తిగా పూడ్చలేదు. ఈ చలిలో, ఈ నేలలో చెట్టు పెరగడమంటే అంత నెమ్మది. ఉన్నట్టుండి కొండల గోడ లేచింది. ఆ తర్వాత విమానం కిటికీలోంచి నేను మ్యాపులో చూసిన వింతే కనిపించింది. పీఠభూమి మధ్యలో లోతుగా గండి, అడుగున గోధుమరంగు నీళ్లు అటూ ఇటూ వంకర్లు తిరుగుతూ.

విమానం వర్జీనియా జలపాతానికి కాస్త ఎగువన, నది నెమ్మదిగా ఉన్న చోట దిగింది. డెనే ప్రజలు దీన్ని నాయిలీచో అంటారు. 90 మీటర్లకు పైగా ఎత్తు, నయాగరాకు దాదాపు రెట్టింపు. మధ్యలో ఒక పెద్ద బండ నిలబడి నీళ్లను రెండుగా చీలుస్తుంది. పైన నది ఏటవాలుగా తెల్లగా నురగలు కక్కుతూ జారి, ఆ బండకు అటూ ఇటూ దూకుతుంది. వర్ణన ఇక్కడితో ఆపుతాను, ఫొటోలు బోలెడు దొరుకుతాయి. అసలు పని పోర్టేజ్.

పోర్టేజ్ అంటే జలపాతం దాటించడానికి పడవల్నీ సామాన్లనీ మోసుకుని ఒడ్డు వెంబడి దిగువకు దించడం. కిలోమీటరుకు పైగా దారి. మొదట చెక్కలు పరిచిన బాట, చివర్లో నిటారు మలుపులు. వీపు మీద పీపా, మెడ మీద పడవ కాడి. ఒకసారి మోసి వెనక్కి రావడం, మళ్లీ మోయడం. ఆ చెక్కల బాట మీద బరువు దించుకున్నప్పుడే నేను తైగాను మొదటిసారి దగ్గరగా చూశాను. పక్కన నా భుజం ఎత్తున్న నల్ల స్ప్రూస్. కొమ్మలన్నీ పొట్టిగా, పైన మాత్రం చిన్న గుబురు. ఈ ఎత్తు చెట్టుకు నూరేళ్ల వయసున్నా ఆశ్చర్యం లేదంది గైడు. నాచులోకి చెయ్యి పెట్టమంది. పైన మెత్తగా, వెచ్చగా. మణికట్టు దాకా పోయేసరికి తడి. మోచేతి దగ్గరికొచ్చేసరికి ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టినంత చలి. జులైలో, చొక్కా చెమటతో తడిసిన రోజున! నాచు దుప్పటి కప్పుకుని ఆ కింది నేల చలిని దాచుకుంటుంది. కొన్నిచోట్ల అడుగున గడ్డకట్టిన నేల ఏడాది పొడవునా కరగదు. నీళ్లు లోపలికి ఇంకలేక పైనే నిలబడి బురదవుతాయి. వేళ్లు లోతుకు పోలేవు కాబట్టి చెట్లు తలో దిక్కుకు వాలిపోయి ఉంటాయి. నదికి దగ్గర్లో మాత్రం కథ వేరు. ఒండ్రు నేల, నీళ్లు జారిపోయే నేల, కాబట్టి తెల్ల స్ప్రూస్ నిటారుగా, మాను లావుగా పెరుగుతుంది. ఒక్క వంద అడుగుల నడకలో రెండు అడవులు.

జలపాతం కింద పడవ ఎక్కగానే నాలుగో గండి. అవును, నాలుగే ముందు. ఇక్కడికి వచ్చిన తెల్లవాళ్లు దిగువ నుంచి ఎదురెక్కుతూ వచ్చారు, వాళ్లకు మొదట ఎదురైనదే ఒకటో నంబరు. మేం నాలుగు, మూడు, రెండు, ఒకటి అని దిగాలి.

నాలుగో గండికి ఒక ప్రత్యేకత ఉంది. ఇది జలపాతం తవ్విన గండి. నీళ్లు పైనుంచి పడి అడుగు బండను తొలిచేకొద్దీ పైఅంచు విరిగి పడుతుంది, జలపాతం ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. అలా వెనక్కి వెనక్కి జరుగుతూ వదిలి వచ్చిన దారే ఈ ఎనిమిది కిలోమీటర్లు. గోడలు పసుపు, నారింజ రంగుల్లో ఉన్నాయంటారు. నిజమే, కానీ నేను తల ఎత్తి చూసింది తక్కువ. ఇరుకు కావడంతో అలలు నిలువుగా లేస్తున్నాయి. పడవ మీద కప్పిన గుడ్డ మీద నీళ్లు దబదబా పడుతుంటే ముందు కూర్చున్న మా బావమరిది వీపు, వాడి తెడ్డు, అంతే లోకం. "కుడి! కుడి! బావా, కుడి!" అని వాడు అరుస్తూనే ఉన్నాడు.

గండి దాటాక హెల్స్ గేట్. నది నేరుగా పోయి నిటారు బండను గుద్దుకుని, ఒక్కసారి పక్కకు తిరుగుతుంది. గుద్దుకున్న నీళ్లు చెరోవైపు సుడి తిరుగుతాయి. అందుకే ఫిగర్ ఎయిట్ అని కూడా అంటారు. గైడు అందర్నీ ఒడ్డున ఆపి, పైకెక్కి చాలాసేపు చూసింది. ఎక్కడ నీటి మీద నాలుకలా నున్నటి దారి ఉందో వేలితో చూపించింది. అక్కడి నుంచి అటు మళ్లడం మాత్రం నార్త్ సస్కాచెవాన్‌లో నేర్చుకున్నదే.

కాసేపటికి కుడివైపు నుంచి ఫ్లాట్ నది వచ్చి కలిసింది. దాని ఎగువన టంగ్‌స్టన్ గని ఉండేది, 1962లో మొదలై ఆగుతూ సాగుతూ 2015లో మూతపడింది. అంతకు చాలా ముందు బంగారం కోసం మెక్‌లియోడ్ అన్నదమ్ములు ఇటు వచ్చారు. 1908లో వాళ్ల అస్థిపంజరాలు దొరికాయి, తలలు లేవు. ఇక అక్కడి నుంచి ఈ నది చుట్టుపక్కల పేర్లన్నీ అదే దారి పట్టాయి. ఫ్యూనరల్ కొండలు, హెడ్‌లెస్ కొండలు, డెడ్‌మెన్ లోయ. డెనే ప్రజలు వేటాడుతూ, చేపలు పట్టుకుంటూ కాపురాలు చేసిన చోటుకి వచ్చిపోయే వాళ్లు పెట్టిన పేర్లివి. పత్రికలకు పనికొచ్చి ఉంటాయి గానీ నది గురించి ఏమీ చెప్పవు.

మూడో గండిలో నా చిరాకు తీరింది. అక్కడ 'ది గేట్' అనే మలుపు ఉంది. నది వెనక్కి తిరిగి వచ్చినంత గట్టిగా వంగి, రెండు నిలువు గోడల మధ్య దూరుతుంది. పక్కనే పల్పిట్ రాక్ స్తంభంలా నిలబడి ఉంది. పడవ వదిలేసి పైకెక్కి చూశాం. కింద నది గీసిన వంక కోనసీమలో ఏ కాలవ గీసినా అలాగే ఉంటుంది. కాకపోతే దాని చుట్టూ కొన్ని వందల అడుగుల రాయి ఉంది. గైడు చెప్పిన లెక్క ఇది: నది మొదట, కొండలు తర్వాత. అప్పుడు ఇదంతా చదును నేల, నది తన అలవాటు ప్రకారం వంకర్లు తిరుగుతూ పారేది. ఆ తర్వాత నేల నెమ్మదిగా పైకి లేవడం మొదలైంది. ఎంత లేచిందో అంత నది కోసుకుంటూ పోయింది. కత్తిపీట మీద బీరకాయ కోసినట్టన్నమాట. కత్తి ఉన్నచోటే ఉంటుంది, కాయే దాని మీదికి వస్తుంది. వంకర్లు ఉన్నచోటే ఉండిపోయాయి, గోడలు మాత్రం పెరిగాయి.

అంటే నేను మ్యాపును తలకిందులుగా చదివాను. కొండలు అక్కడ ఉంటే నది ఎందుకు వచ్చింది అని అడుగుతున్నాను. నది అక్కడ ఉంటే కొండలు వచ్చాయి. మా ఆఫీసులో ఏ మ్యాపులోనైనా కొండే ముందు, గొట్టం తర్వాత. ఆ చూపుతో ఈ నది అర్థం కాదు.

రాత్రుళ్లు గులకరాళ్ల తిన్నెల మీద క్యాంపు. సూర్యుడు పదకొండింటి దాకా ఉండేవాడు, ఆ తర్వాతా పూర్తి చీకటి పడేది కాదు. పడుకునే ముందు గైడు నీటి అంచున ఒక పుల్ల గుచ్చేది. పొద్దున లేచి ముందు చూసేది దాన్నే. ఒక రాత్రి మా దగ్గర చినుకు పడలేదు, తెల్లారేసరికి పుల్ల నీళ్ల మధ్యలో ఉంది, నీటి రంగు చిక్కటి టీ అయింది. ఎగువ కొండల్లో ఎక్కడో వాన. బోడి కొండల మీద పడ్డ వాన ఆగకుండా జారిపోతుంది, నది ఒక్క రాత్రిలో ఉబ్బుతుంది. అందుకే పడవల్ని ఎప్పుడూ చెట్ల దాకా లాక్కెళ్లి కట్టేవాళ్లం. దోమల గురించి రాయను. తలకు వల లేకుండా అన్నం తిన్న పూటలు తక్కువ, అంత చాలు.

రెండో గండిలో గోడల మీద తెల్లటి చుక్కలు కదులుతూ కనిపించాయి. డాల్ అనే అడవి గొర్రెలు. ఆ తర్వాత లోయ విశాలమై, ప్రయరీ క్రీక్ తెచ్చి పోసిన రాళ్ల మేట విసనకర్రలా పరుచుకుంది. మళ్లీ నది ఇరుకై ఒకటో గండి మొదలైంది.

ఇది అన్నిటికంటే లోతు. గోడలు కొన్నిచోట్ల వెయ్యి మీటర్లు దాటతాయి, సున్నపురాయి, డోలమైటు. సున్నపురాయిని నీళ్లు కరిగిస్తాయి కాబట్టి పైనున్న పీఠభూమి అంతా గుహలు, గుంటలు. ఒక గుహలో వందకు దగ్గరగా గొర్రెల అస్థిపంజరాలు దొరికాయి. జారి లోపల పడి బయటికి రాలేకపోయాయి. ఆ గుహలోకి జనాన్ని పోనివ్వరు. ఈ గండి గోడలు ఇంత నిటారుగా ఉండటానికి ఇంకో కారణం ఉంది. కెనడాలో ఎక్కువ భాగాన్ని ఆఖరి మంచుయుగంలో హిమానీనదాలు తోమేశాయి. హిమానీనదం నడిచిన లోయ అడుగు వెడల్పై గంగాళంలా అవుతుంది. ఈ గండ్లను అది చేరలేదు. తూర్పు నుంచి వచ్చిన మంచుపలక దిగువన నదికి అడ్డం పడి ఒక పెద్ద సరస్సునే నిలబెట్టింది గానీ గండి ఆకారాన్ని చెరపలేదు. కోసింది నది ఒక్కటే.

గండి చివర గంధకం వాసన. క్రాస్ వేడినీటి ఊటలు. గస్, మేరీ క్రాస్ దంపతులు దశాబ్దాల పాటు ఇక్కడే కాపురం ఉన్నారు. మేం మోకాళ్ల దాకా వేడి బురదలో కూర్చుని ఒళ్లు నొప్పులు తీర్చుకున్నాం. జండూబామ్ అవసరం పడలేదని బావమరిది ఒప్పుకున్నాడు.

ఇక అక్కడి నుంచి 'ది స్ప్లిట్స్'. నన్నడిగితే నదిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, కానీ ఎవరూ దీని ఫొటో పెట్టరు. గండి దాటగానే నదికి ఏటవాలు తగ్గిపోతుంది. అంతదూరం కోసుకుంటూ, మోసుకుంటూ వచ్చిన రాయీ ఇసుకా ఇక మోయలేదు, ఇక్కడ దించేస్తుంది. దించిన మేట మీద తనకే దారి లేక పాయలు పాయలుగా చీలిపోతుంది. ఎటు చూసినా లంకలు. ఏ పాయ పెద్దదో, ఏది ముందుకెళ్లి ఎండిపోతుందో మ్యాపు చెప్పదు, ఎందుకంటే ప్రతి వరదకూ పాయలు మారతాయి. ఇక్కడ మాత్రం మా బావమరిదే గైడుకు సాయం. లంకల మనిషి కదా! "నీటి రంగు చూడు బావా. ముదురుగా ఉన్న వైపు లోతు. ఆ మెరుస్తోంది చూశావా, అక్కడ మోకాటి లోతే" అంటూ ఉండేవాడు. ప్రమాదం లోతు తక్కువవడం కాదు, చెట్లు. ఒడ్డు కోసుకుపోయిన చోట స్ప్రూస్ చెట్లు వేళ్లతో సహా నీళ్ల మీదికి అడ్డంగా వాలి ఉంటాయి. నీళ్లు వాటి కిందనుంచి పోతాయి, పడవ పోదు. మనిషి చిక్కుకుంటే తీయడం కష్టం. అందుకే వంపు బయటి వైపుకు నీళ్లు లాగుతున్నా, లోపలి వైపే పట్టుకుని తెడ్డు వేస్తూనే ఉండాలి. మధ్యలో ఒక లంక మీద వుడ్ బైసన్లు, అంటే ఇక్కడి అడవి దున్నలు, కనిపించాయి. మేం వాటికేసి చూశాం, అవి మాకేసి చూడలేదు.

నహానీ బ్యూట్ కొండ కనపడిన తర్వాత కూడా చాలాసేపు నది దాని చుట్టూనే తిప్పుతుంది. ఊరు వందమంది ఉండే ఊరు. 2012 జూన్‌లో వరదకు మునిగింది. వేసవిలో బండి దారి లేదు, లియార్డ్ దాటి రావాల్సిందే. మేం ఆగకుండా లియార్డ్‌లోకి దిగి, బ్లాక్‌స్టోన్ దగ్గర పడవల్ని గట్టెక్కించాం. లియార్డ్ వెడల్పు, బురద, ఎదురుగాలి. ఆ చివరి భాగం గురించి రాసేదేం లేదు, తెడ్డు వేయడమే.

వెళ్లాలనుకునేవాళ్లకు రెండు మాటలు. జులైలో నీళ్లు ఎక్కువ, వెలుతురు ఎక్కువ, దోమలు ఎక్కువ. ఆగస్టు చివర్లో దోమలు తగ్గుతాయి, చలి మొదలవుతుంది, రాత్రి చీకటి పడుతుంది. వేసవిలో కార్చిచ్చు పొగ వల్ల విమానాలు ఆగిపోవడం మామూలే. 2023లో ఈ ప్రాంతాల రాజధాని ఎల్లోనైఫ్‌ను ఊరు ఊరంతా ఖాళీ చేయించిన సంగతి గుర్తుందిగా. కాబట్టి సెలవుకు వెనకా ముందూ నాలుగు రోజులు ఉంచుకోండి. ఖర్చులో పెద్ద వాటా విమానానిది. నది దిగాక పార్కు ఆఫీసుకు 'దిగాం' అని తప్పక చెప్పాలి, చెప్పకపోతే మీ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఇంకా, గ్రావెల్ రోడ్డు కాబట్టి స్పేర్ టైరు ఒకటి కాదు, రెండు పెట్టుకోండి.